బొబ్బలే సాక్ష్యం: ధాత కరువు, ఒంగోలు, ఒక కాలవ

మొన్నామధ్య ఆఫీసులో లంచ్ టైంలో మాటలు ఎటెటో పోయి మతమార్పిడుల దగ్గర ఆగాయి. పక్క టీంలో ఒకాయన, మంచివాడే, "మీ ఒంగోలు వైపు అంతా బియ్యం క్రైస్తవులే కదండీ, కరువులో తిండి పెట్టి కలిపేసుకున్నారు" అని తేల్చేశాడు. నేను ఒంగోలు వాడినే, ఆ మతంలోనే పుట్టా. అప్పటికి నవ్వేసి ఊరుకున్నా గానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన చెప్పినదాంట్లో కరువు నిజం, తిండి నిజం, కలవడమూ నిజమే మరి. ఆ మూడూ ఏ వరసలో జరిగాయన్నదే అసలు సంగతి.

1876లో వానలు ఎగ్గొట్టాయి. ఆ తెలుగు సంవత్సరం పేరు ధాత, అందుకే మనవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. చిన్నప్పుడు గబగబా తింటుంటే మా నాయనమ్మ "ధాత కరువులో పుట్టావంట్రా" అనేది. అది తిట్టు అనుకునేవాణ్ణి, చరిత్ర అని తెలీదు. 1878 దాకా సాగిన ఆ కరువులో చచ్చిపోయినవాళ్ళు 50 లక్షలకి పైనే అని అంచనా. ఖర్చు తగ్గించమని సర్కారు రిచర్డ్ టెంపుల్ అనే దొరని పంపితే, ఆయన 1877లో కరువు పనుల కూలి రేటు కోశాడు. రోజంతా పని చేసిన మగవాడికి ఒక పౌను గింజలు, పైన ఒక అణా. పౌనంటే మన లెక్కలో 450 గ్రాములు. గడ్డపార పట్టేవాడికి అది ఏ మూలకి?

ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ కాపురం పెట్టాడు. అదే ఏడు యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన బాప్తిస్మం తీసుకున్నాడు. అసలు కథ ఈయనదే అంటాను నేను. అంతకు ముందే రాజయోగం సాధన చేసి, రూపం లేని దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగినవాడు. తన వాళ్ళ మధ్య ఊరూరా నడిచి చెప్పింది ఆయనే, దొర వెనక వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మంది.

చేరేవాళ్ళకి షరతులు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి తేలిగ్గానే ఉంటాయి. కానీ పండక్కి డప్పు కొట్టనంటే ఊరి పెద్దలు ఊరుకోలేదు. పని ఇవ్వలేదు, నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. రెండో షరతు ఇంకా కష్టం. కరువులో మనుషుల కంటే ముందు పడిపోయేవి పశువులు. మాదిగవాడలో ఆకలికి చేతికందే తిండి అదొక్కటే. తిండి కోసం వచ్చేవాళ్ళకి పెట్టే షరతేనా ఇది?

సర్కారు కరువు పని కింద బకింగ్‌హాం కాలవ తవ్విస్తోంది. పనులు జరిగే చోట చిల్లర మేస్త్రీలు మాదిగ కూలీలని బూతులు తిట్టడం, కూలి డబ్బులు నొక్కెయ్యడం మామూలే. క్లౌ కుర్రతనంలో అమెరికాలో సర్వే పార్టీలతో తిరిగినవాడు, కొలతలు తెలుసు. మూడున్నర మైళ్ళ ముక్క తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులందర్నీ ఓవర్సీర్లుగా పెట్టాడు. (సాయంత్రం దాకా టీం లీడు, పొద్దుగూకాక బోధకుడు అన్నమాట!) తిట్టే మేస్త్రీ లేడు, కూలి లెక్క సరిగ్గా చేతికొస్తుంది. పాకల దగ్గర కలరాతో మనుషులు పోతూనే ఉన్నారు, అయినా జనం ఈ ముక్కకే ఎగబడ్డారు. పొద్దుపోయాక బోధకుడి చుట్టూ కూర్చుని వాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్న మాట మత్తయి సువార్త 11వ అధ్యాయంలోది, బరువు మోసేవాళ్ళని దగ్గరికి రమ్మని పిలిచే మాట. చర్చిలో వందసార్లు విన్నాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. పొద్దుణ్ణుంచీ నెత్తిన మట్టితట్ట మోసి కూర్చున్నవాడికి ఎలా వినిపించి ఉంటుందో ఇప్పుడు ఊహించుకుంటున్నా.

ఇక మా లంచ్ మిత్రుడికి తెలియని సంగతి. సాయం పంచుతున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. పదిహేను నెలలు ఆపేశాడు. మన మిత్రుడికి వచ్చిన అనుమానం ఆయనకీ ఉంది మరి.

1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో, ఇంతకు ముందే చేరినవాళ్ళని మాత్రం తీసుకురండని బోధకులకి కబురు పెట్టాడు. వాళ్ళతో పాటు వేలమంది వచ్చేశారు. క్లౌ వాళ్ళకి డబ్బుల్లేవు, ఇక సాయం లేదు, వెళ్ళిపొండి అని చెప్పాడు. వాళ్ళు సాయం అడగలేదు. చేతులు చూపించారు. పని చేసి తిన్నామనడానికి ఈ బొబ్బలే సాక్ష్యం, ఇక ముందూ పని చేసుకునే బతుకుతాం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు.

ఇందులో కృతజ్ఞత లేదా అంటే ఉంది. వెట్టిబతుకులోంచి బయటపడాలన్న ఆశ లేదా అంటే అదీ ఉంది. నాకు అది తప్పుగా తోచదు. తమని మనిషిగా చూసినవాడు చెప్పిన దేవుణ్ణి నమ్మడంలో మోసం ఏముంది? మన మిత్రుడి మాటలో నాకు నచ్చనిది, వాళ్ళకి ఆకలి తప్ప ఆలోచన లేదనుకోవడం.

1878 జూలై 3న అదే గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ముందురోజు 614, తర్వాతి రోజు 700, మూడు రోజుల్లో 3,536. పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరూ నీళ్ళలోకి దిగారు. ముంచింది ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, అలిసినవాళ్ళు తప్పుకుంటే ఇంకో ఇద్దరు. క్లౌ ఆ రోజు ఒక్కరికీ ఇవ్వలేదు, ఒడ్డునే ఉన్నాడు. ఆ ఏడాది ఆఖరికి లెక్క 9,606.

సోమవారం మళ్ళీ అదే టేబుల్ దగ్గర కూర్చుంటాం. ముందు బొబ్బల సంగతి చెప్పాలి, అంకెలు తర్వాత.