పెద్దల చేతిలో పిల్లల ఆటలు

నడివయస్సు వచ్చిన గృహస్థుడొకడు తీరికవేళ సెల్‌ఫోను చేతబట్టి, మారియో అను మీసాల బొమ్మచేత గోడలు దూకించుచు కూర్చుండినచో ఇంటివారు నవ్వుదురు. "చిన్నపిల్లల ఆటలు నీకేల?" అని పెద్దలు మందలింతురు. ఆ మందలింపు సహజముగానే తోచును. కాని చరిత్రను విచారించినచో వేరొక ప్రశ్న పుట్టును. ఆ ఆటను పిల్లలదిగా చేసినదెవరు? మొదట అది ఎవరిది?

ఈ విచారణకు సీలేరు అడవులనుండి బయలుదేరుట ఉచితము. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తూర్పు కనుమల నడుమ నున్న ఈ ఊరు జలవిద్యుత్కేంద్రమువలన ప్రసిద్ధికెక్కినది. ఆ కొండలలో కరక్కాయ, ఉసిరికాయలతోపాటు తాండ్రకాయయు దొరకును. త్రిఫలచూర్ణములో చేరు ఈ కాయ మనకు మందుగానే తెలియును. కాని ఋగ్వేదకాలమున ఇదియే పాచిక. 10వ మండలములోని 34వ సూక్తము ఒక జూదరి విలాపము. ఆలిని, ఇంటిని, పరువును పోగొట్టుకొనినవాడు తన్ను చెరచిన ఆ కాయలను తలచి వగచును. భారతమున నలుని విడిచిన కలి చేరినదియు తాండ్రచెట్టునే. దానికి కలిద్రుమమను పేరును కలదు. గింజలు విసరి లెక్కపెట్టుట నేడు పసివారి క్రీడ. నాడది రాజ్యములను తారుమారు చేసిన పెద్దల వ్యసనము.

తరువాతి ఆటల కథయు ఇట్టిదే. ఫతేపూర్ సిక్రీలో అక్బరు పాదుషా కోటలోని రాతినేలపై పచ్చీసు పటము నేటికిని చూపుదురు. రాజాంతఃపురముల ఆ ఆట సముద్రము దాటి, 1896లో ఇంగ్లండులో లూడో అను పేర బాలక్రీడయైనది. పాపపుణ్యముల ఫలమును బోధించుటకు ఏర్పడిన వైకుంఠపాళి పండొమ్మిదవ శతాబ్ది చివర అక్కడికే చేరి, పాములు నిచ్చెనల ఆటయై, పసిపిల్లల అట్టపెట్టెలలో పడినది. మన ఊళ్లలో మాత్రము శివరాత్రి జాగరమునాడు ముత్తైదువలే దానిముందు కూర్చుండి, పెద్దపాము నోట పడినప్పుడు కేకలు వేసెడివారు.

పులిజూదము మరియొక నిదర్శనము. మూడు పులులు, పదునైదు మేకలు. పులులు మేకలను దాటి చంపుటకును, మేకలు పులులను కదలనీయక కట్టివేయుటకును చూచును. పేరులో జూదమున్నను సాధారణముగా ఇందు పందెముండదు. రచ్చబండపై బొగ్గుతో గీత గీచి, చింతపిక్కలను, గులకరాళ్లను పావులుగా పెట్టుకొని తాతలు మనుమలతో సమముగా ఆడిరి. హంపీ శిథిలములలో రాతిపై చెక్కిన ఆటపటములు పెక్కు కలవు. రాతిని తొలిచి ఆటపటము చేసికొనుట తీరిక చిక్కిన పెద్దల పనియే కాని పసివారి పని కాదు.

మన్యపు కొండలలో ఈ పెద్దాచిన్నా భేదము మరియు పలుచన. చైత్రమాసమున గిరిజనులు ఇటుకల పండుగ జరుపుకొందురు. పూర్వము మగవారు వేటకు పోయెడివారు. వట్టిచేతులతో తిరిగివచ్చిన వారిపై స్త్రీలు పేడనీళ్లు చల్లి నవ్వులపాలు చేసెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటకు అడ్డు పడినది. కాని స్త్రీలు బాటకడ్డముగా కఱ్ఱ నిలిపి, వచ్చిపోవువారిని ఆపి పండుగ మామూలు అడుగుట పోలేదు. థింసా నృత్యమున పడుచువారును వయసు మళ్లినవారును చేతులు కలిపి ఒకే వరుసలో అడుగు వేయుదురు. ఇక్కడ ఆటకు హద్దు వయస్సు కాదు, ఋతువు. పొలము పిలుచువరకు ఎవరైనను ఆడవచ్చును.

ఇక వీడియో ఆటల సంగతి. 1955లో మాచ్‌ఖండ్ జలపాతపు నీటితో విద్యుత్తు పుట్టినది. ఆ యేరే దిగువన సీలేరను పేర ప్రవహించి, 1967 నుండి ఎగువ సీలేరు యంత్రములను త్రిప్పినది. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో ఈ ఆటలు పుట్టినవి. 1958లో బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో హిగిన్‌బాథమ్ అను శాస్త్రజ్ఞుడు సందర్శకుల వినోదమునకై తెరపై వెలుగుచుక్కతో టెన్నిసు ఆడించెను. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు యువకులు అంతరిక్షయుద్ధపు ఆటను కల్పించిరి. 1972లో పాంగ్ అను ఆటయంత్రమును మొదట నిలిపినది కాలిఫోర్నియాలోని ఒక మద్యశాలలో! మారియోను సృష్టించిన నింటెండో సంస్థ 1889లో క్యోటో నగరమున పేకముక్కలు చేయుచు ఆరంభమైనది. 1983లో అమెరికాలో ఈ వ్యాపారము కుప్పకూలిన పిదప, 1985లో నింటెండో తన యంత్రమును బొమ్మగా చూపి అంగళ్లకెక్కించెను. పెద్దల వినోదము పిల్లల వస్తువైనది అంగడి అవసరమువలన. 1990 దశకమున మన ఇండ్ల టెలివిజన్లకు తగిలించి ఆ ఆటలాడిన బాలురే నేటి తండ్రులు. వారు ఆ ఆటకు తిరిగివచ్చుట వింత కాదు.

ఈ కథలన్నిటిని కలిపి చూడగా ఒక విషయము తేటపడును. పచ్చీసు లూడో అయినప్పుడు జారిపోయినది దాని బుద్ధిసూక్ష్మత కాదు, పందెము. పణము తొలగిన ఆటయే పిల్లల చేతికి తగినదైనది. కావున పెద్దవాడు పిల్లల ఆట ఆడుట దిగజారుట కాదు. ఓడినను కొంప మునుగని చోటికి వచ్చుట. 2020లో కరోనా వలన తలుపులు మూసికొని కూర్చుండిన నాళ్లలో, దూరదేశములందున్న బిడ్డలతో తల్లిదండ్రులు సెల్‌ఫోనులో లూడో ఆడి దిగులు మరచిరి.

కాని అదే సెల్‌ఫోనులోనికి పందెమును తిరిగి చొరబడినది. రంగుల బొమ్మల మాటున ధనము ఒడ్డు ఆటలు వచ్చి, సంసారములను అప్పులపాలు చేసినవి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను వాటిని నిషేధించినవి. 2025లో పార్లమెంటును చట్టము చేసినది. ఋగ్వేదపు జూదరి ఏడ్చిన ఏడుపే ఇదియు. తాండ్రకాయ మాత్రమే మారినది.

కనుక ఇంటి పెద్ద బొమ్మలాటలో మునిగియున్నప్పుడు, ఆ ఆట ఏ వయస్సువారిదని అడుగనక్కరలేదు. అందు ఏమి ఒడ్డుచున్నాడో అడుగవలెను. ఒక గడియ కాలమే అయినచో, ప్రక్కన చోటు చేసికొని మనమును కూర్చుండవచ్చును.