సాగిపోయిన టమాట నారు

టమాట నారు సన్నని, పాలిపోయిన కాడతో పైకి సాగి వాలిపోవడానికి ప్రధాన కారణం వెలుతురు చాలకపోవడం. నీడలో మొలక తన శక్తినంతా కాడ పొడవుకే వెచ్చిస్తుంది. కోలారు, మదనపల్లె, కృష్ణగిరి ప్రాంతాలలో కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో విత్తి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి పట్టా కప్పడం పరిపాటి. మొలక కనబడగానే కప్పు తీసి ట్రేలను విడదీయాలి. ఈ ఒక్క పనిలో జాప్యమే చాలాసార్లు నారును చెడగొడుతుంది. దట్టమైన నీడ, అధిక నీరు, నత్రజని ఆ దోషాన్ని పెంచుతాయి.

సాగిన కాడ తిరిగి పొట్టిబడదు. అయినా అటువంటి టమాట నారును పారవేయనక్కరలేదు. టమాట కాండం తడిమట్టి తగిలిన చోట వేళ్లు వేస్తుంది. కనుక నారును కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేసి, క్రింది ఆకులు తుంచి, కాడలో అధికభాగం మట్టిలో ఉండేలా నాటాలి. మరీ పొడవైనదాన్ని ఏటవాలుగా పరుండబెట్టవచ్చు. అంటు కట్టిన నారు విషయం వేరు: అంటు మట్టిపైనే ఉండాలి. మిరపకు ఈ వెసులుబాటు తక్కువ.

కాడ మొదట్లో నీరుకారి, మెత్తబడి కూలితే అది సాగుడు కాదు, నారుకుళ్లు తెగులు. ఆ మొక్కలను ఎంత లోతుగా నాటినా బ్రతకవు; వెంటనే ఏరివేయాలి.