సమాజమందిరము

తెలుగు బైబిలు చదివినవారికి యూదుల ప్రార్థనాలయమునకు ‘సమాజమందిర’ మను పేరు సుపరిచితము. అనువాదకు లెరిగి చేసిరో, యాదృచ్ఛికమో గాని, గ్రీకునుండి వచ్చిన ‘సినగాగు’ శబ్దమునందలి ‘అగ్’ ధాతువును, మన ‘సమాజ’ శబ్దమునందలి ‘అజ్’ ధాతువును ఏకమూలజనితములే; రెంటికిని తోలుకొని వచ్చుట యనియే అర్థము. (పశువుల గుంపు ‘సమజ’ మనియు, మనుష్యులది ‘సమాజ’ మనియు మన వైయాకరణులు ఒక్క దీర్ఘముతో భేదము చూపిరి, గడుసువారు!) గుంటూరు సీమలో చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున, బెనె ఎఫ్రాయి మను తెలుగు యూదులు, పెక్కురు వ్యవసాయకూలీలే యయ్యును, 20వ శతాబ్ది చివర నిట్టి మందిరము నెలకొల్పుకొనిరి. యూదసంప్రదాయమున 10 మంది వయోజనులు కూడనిదే, మృతులకై బంధువులు చేయు కద్దీషు ప్రార్థన జరుగదు. కావున ఒకరి యింట చావు సంభవించినపుడు తక్కినవారు కూడివచ్చుట దయ గాదు, విధి. హీబ్రూలోను ఆ యాలయమునకు ‘బేత్ క్నెసెత్’, అనగా కూడుకొను ఇల్లు, అనియే పేరు.