కొండ ఇచ్చేది మూడు యూనిట్లు, బండి పట్టేది ముప్పావు

తిరుపతిలో ఇంకా తెల్లవారలేదు. లాడ్జి సెల్లారులో టయోటా హైరైడర్, హైబ్రిడ్ రకం. స్టీరింగ్ ముందు కూర్చున్నది మీరే. వెనక సీట్లో అమ్మ, అత్తయ్య. మీ పక్కన మామయ్య; ఆర్టీసీలో ఉద్యోగమంతా ఈ కొండ మీద బస్సు తిప్పడంతోనే గడిపి రిటైరైన మనిషి. బ్రేకు మీద కాలు పెట్టి పవర్ బటన్ నొక్కండి.

సెల్ఫ్ తిరిగిన చప్పుడు లేదు. సీటు కింద అదురు లేదు. మీటర్ల మధ్య పచ్చగా 'రెడీ' అని వెలిగింది, అంతే.

"ఇంకోసారి కొట్టు అల్లుడా, అందుకోలా" అంటాడు మామయ్య.

అందుకోవాల్సింది ఏమీ లేదు. ఈ బండికి మామూలు కార్లలో ఉండే స్టార్టర్ మోటారే లేదు. ఇంజన్ అవసరమైనప్పుడు దాన్ని తిప్పి లేపడానికి లోపల ఒక పెద్ద జనరేటర్ ఉంది, అదీ ఇప్పుడు పడుకునే ఉంది. రివర్స్‌లో వేసి బ్రేకు వదలండి. బండి వెనక్కి కదులుతుంది. గేర్‌బాక్సులో రివర్స్ గేరంటూ ఒకటి లేదు, చక్రాలను నడిపే మోటారే ఎదురు తిరుగుతుంది. కెమెరాలో చూడండి: వెనక చక్రానికి బారెడు దూరంలో ఒక కుక్క ముడుచుకుని పడుకుంది. మామూలు బండైతే ఇంజన్ మోగగానే లేచి పక్కకు పోయేది. దీనికి మెలకువ రాలేదు. హారన్ ఒక్కసారి తట్టండి. లేచి, విసుగ్గా ఒళ్లు విరుచుకుని పోయింది. పాదచారులకు వినపడాలని కొన్ని మోడళ్లలో తక్కువ వేగంలో సన్నటి కృత్రిమ ధ్వని పెట్టారు గానీ, సెల్లార్లలో, సందుల్లో, పిల్లలు ఆడుకునే అపార్టుమెంటు వాకిళ్లలో మన కళ్లే హారన్ కావాలి.

రోడ్డెక్కారు. రెండు వందల గజాలు పోకముందే ఇంజన్ దానంతటది లేచి గుర్రుమంది. మీరు తొక్కింది ఏమీ లేదు. రాత్రంతా చల్లారిన ఇంజన్, పొగను శుభ్రం చేసే కన్వర్టర్ వేడెక్కాలి కాబట్టి కాసేపు తిరుగుతుంది. కపిలతీర్థం రోడ్డు మీద వేగం నలభై దగ్గర నిలకడగా ఉండగా మళ్లీ ఆగిపోతుంది.

"ఆఫ్ అయిపాయనే!" మామయ్య చెయ్యి అప్రయత్నంగా హ్యాండ్‌బ్రేకు కోసం వెతికింది. ముప్పై ఏళ్ల అలవాటు. నడుస్తున్న బండిలో ఇంజన్ ఆగిందంటే ఆయన చెవికి అర్థం ఒక్కటే: స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది, పక్కకు తీసి ఆపాలి. ఇక్కడ స్టీరింగ్ తేలిగ్గానే తిరుగుతోంది. ఏసీ గాలి చల్లగానే వస్తోంది, ఎందుకంటే కంప్రెసర్ ఇంజన్ బెల్టు మీద ఆధారపడలేదు, కరెంటు మీద తిరుగుతుంది. బండి ఆగలేదు, ఇంజన్ మాత్రమే ఆగింది. ఈ రెండూ వేరు వేరని చెవి ఒప్పుకోవడానికి టైం పడుతుంది.

అలిపిరి. గరుడ విగ్రహం దాటగానే కార్ల బారు. తనిఖీ కోసం అందరూ సామాను తీసుకుని దిగారు, బండిలో మీరొక్కరే. అద్దం కొంచెం దించి వినండి. ఎడమ పక్క పాత డీజిల్ జీపు టకటకలాడుతూ ఉన్నచోటే ఉంది. ముందున్న కారు ప్రతిసారీ క్లచ్ వదిలి, అడుగు జరిగి, మళ్లీ క్లచ్ తొక్కుతోంది. మీరు బ్రేకు మీద కాలు సడలిస్తే చాలు, బండి నాలుగడుగులు జారుతుంది, నొక్కితే ఆగుతుంది. బారు జరుగుతున్నంతసేపూ చుక్క పెట్రోలు ఖర్చు కాకపోవచ్చు. బ్యాటరీ గీతలు బాగా తగ్గితే ఇంజన్ ఓ రెండు నిమిషాలు లేచి, నింపి, మళ్లీ పడుకుంటుంది.

మామూలు బండి ఊళ్లో ఎక్కువ తాగుతుంది, హైవే మీద తక్కువ తాగుతుంది. హైబ్రిడ్‌కు ఊరే కలిసొస్తుంది. ఆగిన ప్రతిసారీ కొంత కరెంటు వెనక్కి వస్తుంది, కదిలిన ప్రతిసారీ దాన్నే వాడుతుంది. ఈ బండికి కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. నిజజీవితంలో ఆ అంకె దగ్గరికి పోవాలంటే నూట పది మీద హైవే పరుగు కాదు, హైదరాబాదు అమీర్‌పేట సాయంత్రాలే మేలు. ఒక మాట ఇక్కడే చెప్పాలి. వెనక డిక్కీ మీద హైబ్రిడ్ అని రాసున్న ప్రతి బండీ ఇలా నడవదు. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజన్‌కు చెయ్యి సాయం చేస్తుందే తప్ప చక్రాలను ఒంటరిగా తిప్పలేదు. కొనేముందు షోరూంలో అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇంజన్ ఆగి ఉండగా బండి కదులుతుందా?

అందరూ ఎక్కారు. ఎక్కే దారి 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు. ఎర్రచందనం చెట్ల మధ్య మొదటి ఎత్తు రాగానే యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజన్ ఒక్కసారిగా గొంతు పెంచింది. వేగం మాత్రం తన తీరికన తాను పెరుగుతోంది. గొంతు అదే స్థాయిలో నిలబడిపోయింది. దిగదు, మారదు.

"సెకండ్ వెయ్యి అల్లుడా, ఇంజన్ ఏడస్తా వుండాది."

వేయడానికి సెకండ్ లేదు. మామయ్య చెవికి ఇంజన్ చప్పుడే స్పీడోమీటరు. గొంతు పెరిగితే గేరు మార్చాలి, గొంతు బరువెక్కితే గేరు దించాలి. ఈ బండిలో ఆ లెక్క తెగిపోయింది. ఇంజన్, జనరేటర్, చక్రాల మోటారు ఈ మూడింటినీ ఒక ప్లానెటరీ గేర్ల గుత్తి కలుపుతుంది. మధ్యలో ఒక పళ్లచక్రం, దాని చుట్టూ తిరిగే చిన్నవి, వాటన్నిటినీ చుట్టిన ఒక వలయం. ఇంజన్ బలంలో కొంత నేరుగా చక్రాలకు పోతుంది, కొంత జనరేటర్‌ను తిప్పి కరెంటై మోటారు ద్వారా అవే చక్రాలకు చేరుతుంది. ఎంత ఏ దారిన పోవాలన్నది కంప్యూటర్ చూసుకుంటుంది. అందుకే చక్రాల వేగం ఎంతున్నా ఇంజన్ తనకు అనువైన వేగంలో తిరగగలదు. 1997లో జపాన్‌లో మొదటి ప్రియస్ వచ్చినప్పటి నుంచీ టయోటా నమ్ముకున్న అమరిక ఇదే. హోండా సిటీ హైబ్రిడ్‌ది వేరే దారి, అందులో ఇంజన్ చాలావరకు కరెంటు తయారు చేయడానికే తిరుగుతుంది.

హెయిర్‌పిన్ మలుపు వచ్చింది. బ్రేకు, స్టీరింగ్ పూర్తిగా తిప్పండి, బయటికొస్తూ తొక్కండి. ఇక్కడ బండి మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. మామూలు పెట్రోలు బండి ఈ చోట ఊపిరి అందక కొట్టుకుంటుంది. హైబ్రిడ్‌లో మోటారు బలం మొదటి క్షణం నుంచే ఉంటుంది, కాబట్టి ముందు చక్రాలు రోడ్డును వెంటనే పట్టుకుంటాయి. మామయ్య ఏమీ అనలేదు గానీ, కిటికీ మీది పిడిని పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. కానీ బ్యాటరీ బొమ్మ చూడండి. ప్రతి మలుపుకూ ఆ సాయం చేస్తూ చేస్తూ గీతలు తగ్గుతున్నాయి. అడుగుకు వచ్చాక భారమంతా 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్ మీదే పడుతుంది. మైలేజీ కోసం రూపొందించిన ఇంజన్ అది, ఒంటరిగా కొండ మోయడం దానికి ఇష్టమైన పని కాదు. అరుపు ఇంకాస్త పెరుగుతుంది. భయపడాల్సింది లేదు. నలుగురు ఎక్కినా, సామానున్నా పైకి చేరుతుంది.

దర్శనం అయింది. లడ్డూలు అత్తయ్య ఒళ్లో ఉన్నాయి. జీఎన్‌సీ టోల్‌గేటు దాటి దిగే దారిలో పడ్డారు. ఇది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, మలుపులు దండిగా ఉన్న పాత దారి. హైబ్రిడ్‌కూ మామూలు బండికీ అసలు తేడా తెలిసేది ఇక్కడే.

"ఎక్కిన గేర్లోనే దిగాల. మాకు నేర్పిన మొదటి మాట అదే" అన్నాడు మామయ్య. "న్యూట్రల్ చేసి దిగినోళ్లను ఈ మలుపుల్లో ఎంతమందిని చూసినానో. బ్రేకు లైనర్లు కాలిన వాసన కింద అలిపిరి దాకా వస్తాది."

డి లోనే ఉంచి కాలు తీసేయండి. బండి కొంచెం వెనక్కి పట్టినట్టయింది. ఇంజన్ నిద్రలో ఉంది. చక్రాలే మోటారును తిప్పుతున్నాయి, మోటారు జనరేటరై కరెంటు పుట్టిస్తోంది. మీటరులో ముల్లు ఛార్జ్ వైపు వాలింది. బ్రేకు మెల్లగా నొక్కండి. ఇప్పుడు కూడా ముందు పనిచేసేది మోటారే, డిస్కులు కాదు. ఇంకా గట్టిగా నొక్కితేనో, బండి దాదాపు నిలబడబోతుంటేనో డిస్కులు అందుకుంటాయి. ఆ చేతులు మారడం పెడల్ కింద పెద్దగా తెలియదు. గీత తర్వాత గీత నిండుతోంది. అవ్వాచారి కోన మీద ఎండ పడింది, నిశ్శబ్దంగా జారుతున్న బండిలో అమ్మ కళ్లు మూసుకుంది. ఇంత హాయిగా ఎవరైనా కొండ దిగుతారా అనిపిస్తుంది.

కొన్ని మలుపులు తిరిగేసరికి బ్యాటరీ నిండిపోయింది. కింద అలిపిరి ఇంకా చాలా దూరం.

లెక్క వేయండి. బండి, నలుగురు మనుషులు, సామాను కలిపితే దాదాపు 1600 కిలోలు. దిగాల్సిన ఎత్తు సుమారు 700 మీటర్లు. ఇంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే వదిలే శక్తి కరెంటు బిల్లు లెక్కలో మూడు యూనిట్లు. టైర్ల రాపిడి కింద ఒక యూనిట్ తీసేసినా రెండు మిగులుతాయి. వెనక ఉన్న బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్, అంటే ముప్పావు. అదీ మొత్తం వాడుకోరు, బ్యాటరీ ఆయుష్షు కోసం పైనా కిందా కొంత వదిలి మధ్య భాగంతోనే పని చేస్తారు. కుండపోత వానలో వాకిట్లో ముంత పెట్టినట్టే ఇది. ముంత నిండాక మిగతా నీళ్లు ఎటో పోవాలి.

ఎటు పోతాయి? బ్యాటరీ ఇక తీసుకోనంటే మోటారు పట్టు సడలుతుంది. మీ కాలు అదే ఒత్తిడితో పెడల్ మీద ఉన్నా, లోపల పని డిస్కుల మీదికి మారిపోతుంది. వేడి అక్కడ పోగవుతుంది. బండి ఈ మాట కేక వేసి చెప్పదు. ఆ చిన్న బ్యాటరీ బొమ్మను చూస్తూ ఉండాలి. మామయ్య భయపడే వాసనకు దారి ఇక్కడ కూడా ఉంది.

గేర్ లీవరు డి నుంచి బి లోకి లాగండి.

ఇంజన్ లేచి అరిచింది. కొండ ఎక్కేటప్పుడు అరిచినంత. మీ కాలు యాక్సిలరేటర్ మీద లేనే లేదు. వెనక నుంచి అత్తయ్య "ఏమైంది?" అంది. మామయ్య మీ కాళ్ల వైపు వంగి చూశాడు.

"తొక్కతా వుండావా?"

"లేదు మామయ్యా. పెట్రోలు పోవడం లేదు. ఇంజన్‌ను కరెంటుతో ఊరికే తిప్పుతోంది."

నిజంగా అంతే. నిండిన బ్యాటరీకి అక్కరలేని శక్తితో బండి ఇంజన్‌ను ఉత్తినే తిప్పుతుంది. సిలిండర్లలో గాలి నలుగుతుంది, మంట పుట్టదు. కొండ బరువు ఆ గాలిని పిండడంలో ఖర్చవుతుంది, బండి పగ్గం బిగించినట్టు నెమ్మదిస్తుంది, డిస్కులు చల్లబడతాయి. మామయ్య సెకండ్ గేర్లో దిగినప్పుడు డీజిల్ ఇంజన్ చేసిన పనే ఇది. చెవి కాసేపు విన్నది. తర్వాత ముఖం విప్పారింది. "ఇంజన్ బ్రేకింగే గదా! ఇంత రాద్ధాంతం ఎందుకు, గేరు దించినామని చెప్పొచ్చు గదా."

ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దగ్గర మీ ముందు ఆర్టీసీ విద్యుత్ బస్సు. 2022 నుంచి ఇవి ఈ కొండ మీద తిరుగుతున్నాయి. దాని నుంచి చప్పుడే లేదు. దాని బ్యాటరీ పెద్దది, కొండ ఇచ్చినదాన్ని దాచుకునే చోటుంది. మీ బండి దాని వెనకే అరుచుకుంటూ దిగుతోంది. హైబ్రిడ్ కరెంటు బండి కాదనీ, పెట్రోలు బండి కూడా కాదనీ ఈ రెండు వాహనాలూ ఒకే వాలులో ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు తెలిసినంత స్పష్టంగా ఏ బ్రోషరూ చెప్పదు.

అలిపిరిలో పక్కకు తీసి ఆపారు. మామయ్య దిగి ముందు చక్రం దగ్గర వంగి, అల్లాయ్ రిమ్ముకు అరచేయి దగ్గరగా పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది, కాలడం లేదు. వాసన లేదు. లేచి తల ఊపాడు. ఆ తల ఊపు విలువ ఘాట్ డ్రైవర్లకే తెలుసు.

హైబ్రిడ్ కొన్నవాళ్లకు, తిరుమలకో అరకుకో శ్రీశైలానికో అద్దెకు తీసుకుని పోయేవాళ్లకు నా మాట ఇదే. దిగేటప్పుడు న్యూట్రల్ చేయకండి. అందులో బ్యాటరీ నిండదు, మోటారు పట్టదు, బరువంతా డిస్కులదే. పొడవైన దిగుడు మొదలుకాగానే, బ్యాటరీ నిండేదాకా ఆగకుండా, మొదటి మలుపు దగ్గరే బి లో వేయండి. ఇంజన్ అరిచినా కంగారు పడకండి. చదును రోడ్డుకు రాగానే మళ్లీ డి కి మార్చండి, లేకపోతే మైలేజీ పోతుంది. ఎక్కేముందు ఇంకొక్క నిమిషం ఇచ్చి, మీ బండిలో బి ఉందో లేదో, లేకపోతే దిగుడుకు ఏ మోడ్ వాడాలో యజమాని పుస్తకంలో చూసుకోండి.