సువర్ణగిరి ప్రశ్న : స్వర్ణశిలల సాక్ష్యము

మౌర్యసామ్రాజ్యపు దక్షిణభాగమునకు ముఖ్యస్థానమైన సువర్ణగిరి యెక్కడ నుండెననునది మన చరిత్రకారులను చిరకాలముగా వేధించుచున్న ప్రశ్న. అది కర్నూలు జిల్లాలోని జొన్నగిరియే యని కొందరును, మస్కికి దక్షిణముననున్న కనకగిరి యని మరికొందరును చెప్పిరి. ఇరుపక్షములవారును ఊరిపేరునే ప్రధానాధారముగా గైకొనిరి. ఆ యూళ్ళ నేల యడుగుననున్న రాయి ఏమి చెప్పుచున్నదో, ఏమి చెప్పజాలకున్నదో విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదట శాసనముల మాట. 1892లో బి. ఎల్. రైసు చిత్రదుర్గ ప్రాంతమున బ్రహ్మగిరి, సిద్ధాపురము, జటింగ రామేశ్వరము అను మూడుచోట్ల అశోకుని లఘుశిలాశాసనములను కనుగొనెను. సువర్ణగిరినుండి ఆర్యపుత్రుడును మహామాత్రులును ఇసిలలోని మహామాత్రులకు ఆజ్ఞ పంపినట్లు వానివలన తెలియుచున్నది. కావున సువర్ణగిరి రాజకుమారుడు వసించిన స్థానమనియు, ఇసిల దానికి లోబడినదనియు మనము నిశ్చయింపవచ్చును. అంతకుమించి దాని దిక్కుగాని దూరముగాని ఆ శాసనములు చెప్పుటలేదు.

తరువాత జరిగిన రెండు ఆవిష్కరణములు ఈ చర్చను మలుపుత్రిప్పినవి. 1915లో నాటి నిజాం రాజ్యములోని మస్కివద్ద ఒక శాసనము బయటపడెను. అశోకుడను పేరు స్పష్టముగా కలిగి మొదట దొరికిన శాసనమదియే. దానిని కనుగొన్న బీడన్ శాసనపరిశోధకుడు కాడు. బంగారు గనుల ఇంజనీరు. 1929లో గుత్తినుండి పత్తికొండకు పోవు దారిలో ఎర్రగుడివద్ద పదునాలుగు శిలాశాసనములును లఘుశాసనములును ఒక్కచోటనే దొరకినవి. వానిని లోకమునకు తెలిపిన ఘోష్ భూగర్భశాస్త్రజ్ఞుడు. జొన్నగిరి ఎర్రగుడికి చేరువనే యున్నది. సువర్ణగిరి జొన్నగిరియే యను వాదమునకు బలము వచ్చినది ఈ యావిష్కరణమువలననే.

బంగారమును వెదకినవారికి శాసనములు దొరకుటను చూచి, మౌర్యులు బంగారమున్న తావులనే ఎన్నుకొని శాసనములు చెక్కించిరని కొందరు తలచుట సహజము. కాని ఇందొక మెలకువ అవసరము. బంగారమును వెదకువాడు బంగారముండు నేలమీదనే తిరుగును; కావున అతని కంటబడు శాసనము అచ్చటిదే యగుటలో వింత లేదు. ఈ సామీప్యము విచారణకు ప్రేరణమే కాని నిర్ణయమునకు ప్రమాణము కాదు.

ఇక ఆ నేల యెట్టిదో చూతము. దక్కను పీఠభూమి దక్షిణభాగమున గ్రానైటు, నైసు శిలల నడుమ ఉత్తరదక్షిణముగా సన్నని నల్లని శిలాపట్టీలు సాగుచున్నవి. 1880 దశకమున రాబర్టు బ్రూసు ఫుట్ వీనిని పరిశీలించి ధార్వారు శిలలని పేరిడెను. మన దేశమున పూర్వశిలాయుగపు పనిముట్లను మొదట గుర్తించినవాడును ఆయనయే. కోలారు, హట్టి-మస్కి, రామగిరి, జొన్నగిరి పట్టీలు ఈ జాతిలోనివే. వీనిలో అధికభాగము సుమారు 250 నుండి 270 కోట్ల సంవత్సరములక్రింద ఉబికిన లావా. కొన్నిచోట్ల అది నీటియడుగున చల్లబడి దిండ్ల ఆకారమున గడ్డకట్టినది. ఆ దిండ్లు నేటికిని గుర్తింపదగియున్నవి. పిమ్మట భూగర్భపు వేడికిని ఒత్తిడికిని లోనై ఆ బసాల్టు నల్లని యాంఫిబొలైటుగాను, పచ్చని షిస్టుగాను మారినది.

లావాతోపాటే బంగారము పేరుకొనలేదు. శిలలు ముడుతలుపడి, ఒకదానిపై నొకటి ఒరసికొని నలిగిన తరువాత, ఆ నలిగిన తావులగుండ అడుగునుండి వేడినీరు ఎగబ్రాకినది. ఆ నీటిలో గంధకముతోగూడి కరగియున్న బంగారము, ఇనుము మెండుగాగల శిలను తాకినపుడు గంధకమును విడనాడి, పలుగురాతి తీగలలోను వాని యంచులలోను నిలిచిపోయినది. జొన్నగిరిలో నల్లని అగ్నిపర్వతశిలలను ఆనియున్న గ్రానైటుజాతి శిలలలోను ఇది చేరినది. ఇట్టి చోట్ల సామాన్యముగా టన్ను రాతికి కొన్ని గ్రాములే లభించును. అదియు తరచుగా కంటికి కానరాదు. అట్లయిన ప్రాచీనులు దీని నెట్లు గుర్తించిరి?

వారి విద్య నీటితో మొదలైనది. వానలకు శిల శిథిలమై మట్టియగునపుడు బరువైన బంగారపు రజను అచ్చటనే నిలుచును. దానికై మట్టిని నీట కడుగుటను మన భాషలో జలగడుగుట అందురు. 1802లో మైసూరు సరిహద్దులను కొలుచుచుండిన లెఫ్టినెంటు వారెన్, కోలారు ప్రాంతమున బంగారమున్నదని విని, చూపినవారికి బహుమానము ప్రకటింపగా, మారికుప్పము దరి గ్రామస్థులు ఆయన యెదుట మట్టిని కడిగి రజను చూపిరి. రజను దొరకిన వాగు వెంట ఎగువకు నడచినచో పలుగురాతి తీగ కనబడును. ఆ తీగను నిప్పుతో కాల్చి, నీటితో చల్లార్చి, పగులగొట్టి, రాతిపరుపులమీద రోళ్ళవంటి గుంటలు చేసి అందు నూరిరి. హట్టివద్ద ఇట్టి పాత గోతులు దాదాపు 640 అడుగుల లోతువరకు పోయినవి. ఆ లోతున గాలిని, నీటిని, రాతిని అదుపుచేసిన పనివాండ్ర పేరొక్కటియు మనకు మిగులలేదు.

ఆధునికాన్వేషణమంతయు ఈ యజ్ఞాతుల అడుగుజాడలలోనే నడచినది. కోలారులో 1880 దశకమున మూలధనము కరగి గనిపని ఆగిపోవు స్థితి యేర్పడగా, పాత గోతుల యడుగుననే ఇంకను లోతుగా త్రవ్వగా చాంపియన్ తీగ లభించినది. 2001లో మూతపడునాటికి ఆ గనులు సుమారు 3 కిలోమీటర్ల లోతునకు దిగి, దాదాపు 800 టన్నుల బంగారము నిచ్చినవి. హట్టిలోను 19వ శతాబ్ది చివర పాత గోతులనే తిరిగి తెరచిరి. కౌటిలీయార్థశాస్త్రము ఈ సూత్రమునే చెప్పుట గమనింపదగినది. కిట్టము, మూస, బొగ్గు, బూడిద అను గురుతులచే పాత గనిని పోల్చుకొనవలెనని అందు ఆకరాధ్యక్షునకు విధింపబడినది. ఆ గ్రంథముయొక్క కాలము వివాదగ్రస్తమే యైనను, గనులు రాజ్యమున కాదాయమార్గములను దృష్టి అందు సుస్పష్టము.

ఇపుడు మొదటి ప్రశ్నకు మరలుదము. జొన్నగిరి పక్షమున పేరు బలమైన సాక్షి కాదు. పదాదియందలి సకారము జకారమగుట తెలుగున సామాన్యనియమము కాదు. జొన్న యను ధాన్యమునుండి ఆ పేరు పుట్టియుండుటకును అవకాశము కలదు. కనకగిరి పేరు అర్థమున సరిపోవుచున్నను, కనకమను సంస్కృతపదము ఏకాలముననైనను పెట్టదగినది. రాతి సాక్ష్యము నడిగినచో ఇరువైపులను స్వర్ణశిలలు కలవు: ఇటు జొన్నగిరి పట్టీ, అటు కనకగిరికి ఉత్తరమున హట్టి-మస్కి పట్టీ. కావున భూగర్భశాస్త్రము పోటీలోని ఊళ్ళను తగ్గించునే కాని ఒక్కదానిని ఎన్నుకొని యీయదు.

తీర్పు చెప్పగలిగినది కాలనిర్ణయ మొక్కటే. హట్టి పాత గోతులలో దొరకిన కొయ్యలను కర్బనపద్ధతిచే పరీక్షింపగా అవి క్రీస్తుశకారంభమునకు సమీపకాలమునాటివని తేలినది. అది శాతవాహనుల కాలము. అశోకునకు రెండు మూడు శతాబ్దులు తరువాతిది. అంత లోతునకు పోవుటకు చాలకాలము పట్టియుండుననియు, పైభాగపు పనులు ఇంకను ప్రాచీనములనియు ఊహింపవచ్చును. కాని ఊహకును నిదర్శనమునకును నడుమగల అంతరమును మరువరాదు.

జొన్నగిరిలోని పాత గోతులయందలి బొగ్గు, నూరుడుగుంటల చెంతనుండు కుండపెంకులు ఈ అంతరమును పూడ్పగల సామగ్రి. అవి మౌర్యకాలమునాటివని తేలినచో జొన్నగిరివాదము పేరుమీదగాక ప్రమాణముమీద నిలుచును. కాదని తేలినచో దానిని విడనాడుటకు మనము సిద్ధపడవలెను. భూగర్భశాస్త్రజ్ఞులు 20వ శతాబ్ది చివరి దశకములలో ఈ ప్రాంతమున కందకములు త్రవ్వి, రాతిని లోతుగా తొలిచి, నమూనాలను పరీక్షించిరి. ఇటీవల అచ్చట బంగారు గనిపని మరల ఆరంభమైనది. పాత గోతులు బంగారమునకు దారిచూపు గురుతులు గనుకనే, క్రొత్త గని మొట్టమొదట మ్రింగునదియు వానినే.

గని త్రవ్వరాదని మేమనుట లేదు. త్రవ్వకమునకు ముందు ప్రతి పాతగోతిని కొలిచి, చిత్రించి, అందలి బొగ్గును పెంకులను భద్రపరుపవలెనని మాత్రము మా మనవి. పూర్వము గనులవారు మనకు మస్కిని, ఎర్రగుడిని ఇచ్చిరి. ఇపుడు చరిత్రవిద్యార్థులు వారి వెంట గనికి పోవలసిన వంతు వచ్చినది. శాసనము రాతిమీద నుండును గనుక వేయేండ్లు ఆగగలదు, పాతగోతి ఆగజాలదు.