డాబా మీద హార్లెం: ఆఫ్రికన్ అమెరికన్ బొమ్మల పుస్తకాల్లో ఇల్లు, వాడ

1899లో లండన్‌లో 'లిటిల్ బ్లాక్ సాంబో' అనే చిన్న బొమ్మల పుస్తకం అచ్చయింది. కథ రాసి బొమ్మలు వేసిన హెలెన్ బానర్‌మన్ స్కాట్లండ్ మనిషి. భర్త ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు కావడంతో ఆమె చాలా ఏళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో కాపురమున్నారు. కథలో పులులు చెట్టు చుట్టూ పరుగెత్తి పరుగెత్తి చివరికి కరిగి నెయ్యి అవుతాయి. పులీ నెయ్యీ రెండూ మన వైపువే. ఆ పుస్తకం అమెరికా చేరాక ప్రచురణకర్తలు ఎవరికి తోచిన బొమ్మలు వాళ్లు వేయించుకున్నారు. సాంబో దక్షిణాది పత్తితోటల నల్లజాతి పిల్లవాడికి వెక్కిరింపు బొమ్మగా మారాడు. టీచరు ఆ కథ చదివి వినిపించిన తరగతుల్లో నల్లపిల్లలకు ఆ పేరే తగిలించి తోటి పిల్లలు ఏడిపించేవారు.

ఆఫ్రికన్ అమెరికన్ బొమ్మల పుస్తకాలను ఇలాంటి అవమానాలకు వచ్చిన జవాబుగా చదవడం పరిశోధనలో అలవాటైపోయింది. అది తప్పని అనను గానీ, సగం మాటే అంటాను. ఎదుటివాడికి జవాబు చెప్పే పని పక్కనబెట్టి, తమ ఇంటి పిల్లతో తమ ఇంటి సంగతి మాట్లాడినప్పుడే ఈ పుస్తకాలు నిజంగా గొప్పవయ్యాయి. ఈ వ్యాసంలో నేను చూపదలచుకున్నది అదే.

ఆ మాట తీరుకు పునాది 'ది బ్రౌనీస్ బుక్' అనే మాసపత్రికలో కనిపిస్తుంది. నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ స్థాపించగా, నవలా రచయిత్రి జెస్సీ ఫాసెట్ సాహిత్య భాగం చూసుకున్నారు. 1920 జనవరి నుంచి 1921 డిసెంబరు దాకా 24 సంచికలు వచ్చి ఆగిపోయింది. అప్పటికి కుర్రవాడుగా ఉన్న కవి లాంగ్‌స్టన్ హ్యూస్ తొలి రచనల్లో కొన్ని అందులోనే అచ్చయ్యాయి. కథలూ కవితలూ ఒక ఎత్తయితే, అందులో వేసిన పిల్లల ఫోటోలు మరో ఎత్తు. చక్కగా తల దువ్వి, ఇస్త్రీ బట్టలు తొడిగి కెమెరా ముందు నిలబెట్టిన పిల్లలు వాళ్లు. ఆ ముస్తాబు వెనక ఎవరో తల్లి పడ్డ శ్రమ ప్రతి ఫోటోలోనూ కనబడుతుంది.

పత్రిక ఆగినా పని ఆగలేదు. న్యూయార్క్‌లోని నల్లవారి వాడ హార్లెంలో అగస్టా బేకర్, షికాగోలో షార్లమే రోలిన్స్ వంటి లైబ్రేరియన్లు నల్లపిల్లల చేతికి ఇవ్వదగ్గ పుస్తకాల జాబితాలు కూర్చుతూ, ప్రచురణకర్తల మీద ఒత్తిడి తెస్తూ వచ్చారు. అయినా 1965లో విద్యావేత్త నాన్సీ లారిక్ 'శాటర్డే రివ్యూ'లో బయటపెట్టిన లెక్క చూస్తే మనసు కుంగుతుంది. 1962 నుంచి 64 దాకా 63 సంస్థలు వేసిన 5,206 బాలల పుస్తకాల్లో నల్లమనిషి ఒక్కడైనా కనబడేవి 349. వాటిలోనూ దాదాపు 60 శాతం కథలు అమెరికా బయటనో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందో జరుగుతాయి. అంటే ఆనాటి నల్లపిల్లకు తన వీధీ తన బడీ పుస్తకంలో ఇంచుమించు లేనట్టే.

ఆ కరువులో వెలిసింది ఎజ్రా జాక్ కీట్స్ 'ది స్నోయీ డే' (1962). 1963లో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డికాట్ పతకం అందుకుంది. కీట్స్ బ్రూక్లిన్‌కు చెందిన యూదు చిత్రకారుడు. 1940లో 'లైఫ్' పత్రికలో చూసిన ఒక నల్లపిల్లవాడి ఫోటోలు కత్తిరించి ఇరవయ్యేళ్లు దాచుకుని కథలోని పిల్లవాడు పీటర్‌ని గీశారు. ఎర్రకోటు వేసుకుని మంచులో అడుగుల గుర్తులు వేస్తూ నడిచే పీటర్‌ని ఎన్ని తరాల పిల్లలు ప్రేమించారో! ఇక్కడ పరిశోధకురాలు రుడీన్ సిమ్స్ బిషప్ 1982లో 'షాడో అండ్ సబ్‌స్టెన్స్'లో చేసిన వర్గీకరణ పనికొస్తుంది. 1965 తర్వాతి 150 పుస్తకాలను పరిశీలించి ఆమె మూడు తీరులు గుర్తించారు. మొదటివి తెల్లపిల్లల్లో సానుభూతి రేపడానికి రాసినవి. రెండోవి మనుషులంతా ఒకటేనంటూ తేడాలు పట్టించుకోనివి. మూడోవి నల్లవారి బతుకు లోపలినుంచి పలికేవి. ఈ లెక్కన పీటర్ కథ రెండో తీరుకు చెందుతుంది. పీటర్ ముఖం నల్లజాతిదే గానీ, ఆ ఇల్లు ఎవరిదైనా కావచ్చు. గళ్ల గౌను వేసుకున్న ఆ భారీ తల్లి బొమ్మ పాత మూసలోదేనని లారిక్ అప్పుడే అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది.

మూడో తీరుకు తలుపు తెరిచిన పుస్తకాల్లో నాకు ముందు గుర్తొచ్చేది జాన్ స్టెప్టో 'స్టీవీ' (1969). బ్రూక్లిన్‌లో పుట్టిన స్టెప్టో పదహారో ఏట ఈ కథ మొదలుపెట్టారు. అచ్చయ్యేనాటికి ఇంకా ఇరవై నిండలేదు. 'లైఫ్' పత్రిక పుస్తకం మొత్తాన్ని పునర్ముద్రించింది. కథ చూడబోతే చాలా చిన్నది. రాబర్ట్ అనే పిల్లవాడి వాళ్లమ్మ దగ్గర, ఆమె స్నేహితురాలు పనికి వెళ్తూ తన కొడుకు స్టీవీని వదిలిపెడుతుంది. ఆ బుడ్డోడు బొమ్మలు విరగ్గొడతాడు, మంచమెక్కి తొక్కుతాడు, తిట్లు మాత్రం రాబర్ట్‌కి పడతాయి. తీరా వాళ్లు ఇల్లు మారి వెళ్లిపోయాక రాబర్ట్‌కి ఏదో వెలితి.

ఈ కథలో జాతి సమస్య గురించి ఒక్క ముక్క లేదు, తెల్లమనిషి అసలు కనబడడు. కానీ చెప్పే భాష రాబర్ట్ వీధిలో మాట్లాడే భాషే, దాన్ని ఎవరూ బడిభాషలోకి దిద్దలేదు. ఒక తల్లి పనికి పోతే ఇంకో తల్లి చూసుకోవడం అనే వాడకట్టు ఏర్పాటు మీదే కథంతా నడుస్తుంది. దాన్ని పొగుడుతూ ఒక వాక్యమైనా రాయకుండా, గాలీ నీరూ ఉన్నంత మామూలుగా అది అక్కడ ఉంటుంది. మందమైన నల్లగీతల మధ్య నిండు రంగులు పరిచిన స్టెప్టో బొమ్మలు కూడా ముఖాలను అందంగా చూపించాలని పాటుపడవు. చూసేవాడు ఒప్పుకోవాలన్న ఆత్రం ఆ గీతలో లేదు.

ఈ ధోరణి పండిన చోటు ఫెయిత్ రింగ్‌గోల్డ్ 'టార్ బీచ్' (1991). హార్లెంలో పుట్టి పెరిగిన రింగ్‌గోల్డ్ ముందు చిత్రకారిణి. బట్టల డిజైనరైన తల్లితో కలిసి 1980లో తొలి బొంత కుట్టారు. 1988లో కథ రాసి కుట్టిన ఒక బొంతే మూడేళ్ల తర్వాత ఈ పుస్తకమైంది. ఆ బొంత ఇప్పుడు గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది. పుస్తకంలో పేజీల అడుగున పూలగుడ్డ ముక్కల అంచు వరసగా సాగుతుంది.

కథాకాలం 1939. ఎనిమిదేళ్ల కాసీ, తమ్ముడు బీబీ వేసవి రాత్రి హార్లెంలో తారు పోసిన డాబా మీద పరుపు వేసుకుని పడుకుంటారు. పెద్దవాళ్లు పక్కింటి దంపతులతో పేకాడుతుంటారు, తీగ మీద బట్టలు ఆరుతుంటాయి, బల్ల మీద తిండి సర్ది ఉంటుంది. ఆ బల్ల దగ్గర కాసేపు ఆగాలి. వేయించిన కోడిమాంసం, పుచ్చకాయ తింటున్నట్టు చూపించి నల్లవారిని వెక్కిరించే బొమ్మలు అమెరికాలో పోస్టుకార్డుల మీదా డబ్బాల మీదా లెక్కలేనన్ని వచ్చాయి. జవాబు చెప్పాలనుకున్న రచయిత అయితే ఆ రెండింటినీ బల్ల మీంచి తీసేసేవారు. రింగ్‌గోల్డ్ తియ్యలేదు. అది ఆ ఇంటివాళ్లు ఇష్టంగా తినే తిండి, కాబట్టి అక్కడే ఉంది. ఆమె ధైర్యమంతా నాకు ఆ బల్ల మీదే కనబడుతుంది.

కాసీ అక్కడినుంచి లేచి ఎగురుతుంది, జార్జ్ వాషింగ్టన్ వంతెన దీపాలను మెడలో నగలా వేసుకుంటుంది. ఆ వంతెన కట్టిన పనివాళ్లలో ఆమె నాన్న ఒకడు. తాత యూనియన్ సభ్యుడు కాడు కాబట్టి నాన్నకి యూనియన్‌లో చోటు లేదు. పని వెతుక్కుంటూ వెళ్లిన నాన్న ఇంటికి రాని చలికాలాల్లో అమ్మ ఏడుస్తుంది. ఈ సంగతులన్నీ ఎనిమిదేళ్ల పిల్ల తన కోరికల జాబితాలోనే చెప్పేస్తుంది: యూనియన్ భవనం మీదుగా ఎగిరి దాన్ని నాన్నకి ఇవ్వాలి, అమ్మ పొద్దెక్కేదాకా నిద్రపోవాలి, రోజూ ఐస్‌క్రీం ఉండాలి. నాన్నకి జరిగిన అన్యాయమూ ఐస్‌క్రీమూ ఒకే ఊపిరిలో వస్తాయి. బానిసత్వ కాలంలో చేలల్లోంచి లేచి ఎగిరిపోయిన ఆఫ్రికన్ల జానపద కథలు వింటూ పెరిగినవారికి కాసీ ఎగరడం కొత్తగా అనిపించదు. వర్జీనియా హామిల్టన్ ఆ కథలను 1985లో 'ది పీపుల్ కుడ్ ఫ్లై'గా మళ్లీ చెప్పారు. ఆ పరంపర తెలియని పిల్లకు కూడా కాసీతో ఎగరడానికి అడ్డేమీ లేదు.

ఇన్ని కష్టాలున్న పుస్తకాన్ని వేడుక అనవచ్చా అన్న ప్రశ్న సహజమే. ఆనందాన్ని మాత్రమే వేడుకగా లెక్కిస్తే లూసిల్ క్లిఫ్టన్ 'ఎవరెట్ ఆండర్సన్స్ గుడ్‌బై' (1983) కూడా జాబితాలోంచి జారిపోతుంది. తండ్రి చనిపోయిన చిన్నపిల్లవాడు దుఃఖాన్ని మెట్టు మెట్టుగా దాటే కథ అది. ఆన్ గ్రిఫల్కోని పెన్సిల్ బొమ్మల్లో తల్లీ కొడుకూ తప్ప ఇంచుమించు ఏమీ ఉండదు. నల్లపిల్లవాడు వార్తలకెక్కే దుఃఖం కాకుండా తన సొంత దుఃఖం పడటానికి ఒక పుస్తకమంతా చోటివ్వడం నా దృష్టిలో పెద్ద గౌరవం.

జుట్టు విషయంలో మాత్రం ఇంటి మాట ఇంట్లోనే ఆగలేదు. కామిల్ యార్‌బ్రో 'కార్న్‌రోస్' (1979) జడలల్లుతూ ఆఫ్రికా దాకా కథ చెప్పే పెద్దావిడను చూపింది. 1998లో బ్రూక్లిన్‌లో ఒక తెల్ల టీచరు కరోలీవియా హెరన్ 'నాపీ హెయిర్'ను తరగతిలో చదివినప్పుడు కొందరు తల్లిదండ్రులు మండిపడ్డారు. రచయిత్రి నల్లజాతి స్త్రీ, ఉద్దేశం మురిపెమే. అయితే బిరుసు ఉంగరాల జుట్టుకు వాడే 'నాపీ' అనే మాట ఇంట్లో మేనమామ నోట ముద్దుగా వినబడినా బయటివారి గొంతులో గుచ్చుకుంది. పుస్తకం ఎవరు రాశారన్నదానితో పాటు ఎవరు ఎవరికి చదివి వినిపిస్తున్నారన్నదీ పరిశీలించాలని ఆ గొడవ పరిశోధకులకు నేర్పింది. తర్వాత డెరిక్ బార్న్స్ 'క్రౌన్' (2017) క్షౌరశాల కుర్చీలో కూర్చున్న కుర్రవాణ్ణి రాజుని చేసింది. మాథ్యూ చెర్రీ 'హెయిర్ లవ్' (2019)లో కూతురి జుట్టుతో కుస్తీపట్టే తండ్రిని చూశాం.

మంచి పుస్తకాలున్నా అవి అరుదుగానే రావడానికి కారణం రచయితల కొరత కాదు. మాడిసన్‌లోని కోఆపరేటివ్ చిల్డ్రన్స్ బుక్ సెంటర్ 1985లో లెక్క తీస్తే, ఆ ఏడు వచ్చిన సుమారు 2,500 బాలల పుస్తకాల్లో నల్లజాతి రచయితలో చిత్రకారులో చేసినవి 18. ఆ పరిస్థితిలోనే వేడ్, షెరిల్ హడ్సన్ దంపతులు పెద్ద సంస్థలను నమ్ముకుని లాభం లేదని 1988లో న్యూజెర్సీలో 'జస్ట్ అస్ బుక్స్' పెట్టారు. 'క్రౌన్' కూడా మొదట వచ్చింది ఒక చిన్న ప్రచురణ సంస్థలో నల్లజాతి సంపాదకురాలు డెనీన్ మిల్నర్ నడిపిన విభాగం నుంచే. ఆ మరుసటి ఏడు దానికి న్యూబెరీ, కాల్డికాట్ గౌరవాలు రెండూ దక్కాయి. 1938 నుంచి ఇస్తున్న కాల్డికాట్ పతకం ఒక నల్లజాతి స్త్రీకి మొదటిసారి అందింది 2024లో, 'బిగ్' పుస్తకానికి వాష్టీ హారిసన్‌కి. రింగ్‌గోల్డ్‌కి 1992లో దక్కింది గౌరవ పురస్కారమే. రచయితలనూ చిత్రకారులనూ గురించి మన దగ్గర విశ్లేషణలు చాలానే ఉన్నాయి. ఏ సంపాదకుల బల్ల మీద ఏ ప్రతి ఎన్నేళ్లు పడి ఉందో, ఎందుకు వెనక్కి వెళ్లిందో తేల్చే పరిశోధన ఇంకా చాలా జరగాలి. దానికి ప్రచురణ సంస్థల పాత ఉత్తరాలూ ఒప్పందాలూ తిరగెయ్యాలి.