జాతీయ గ్రంథాలయాధికారి: విధుల చారిత్రక పరిణామం

1. ఉపోద్ఘాతం:
కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయాధికారి విధులు ఒక్కనాడు ఏర్పడినవి కావు. వలసపాలనలో గ్రంథసంరక్షణతో మొదలైన ఆ పదవి, స్వాతంత్ర్యానంతరం దేశ ముద్రణకు సాక్షిగా నిలిచే స్థానమైంది. ఆ పరిణామాన్ని, దాని పరిమితిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. ఇంపీరియల్ లైబ్రరీ దశ:
లార్డ్ కర్జన్ చొరవతో 1903 జనవరి 30న మెట్‌కాఫ్ హాలులో ఇంపీరియల్ లైబ్రరీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ మాక్‌ఫార్లేన్ తొలి అధికారి. 1907లో ఆ బాధ్యత చేపట్టిన బహుభాషావేత్త హరినాథ్ దే ఆ పదవిలో తొలి భారతీయుడు. గ్రంథసేకరణ, సూచీకరణ, పాఠకసేవ వారి ప్రధాన విధులు. 1867 నాటి చట్టం ప్రకారం ముద్రాపకులు ప్రతులను అప్పగించవలసింది ప్రాంతీయ ప్రభుత్వాలకే. అందులో జ్ఞానసంరక్షణ కంటే ప్రభుత్వ నిఘాకే ప్రాధాన్యం ఎక్కువ.

3. కేశవన్ కాలం:
1948 చట్టంతో ఆ సంస్థ జాతీయ గ్రంథాలయమైంది. 1953 ఫిబ్రవరి 1న బెల్విడియర్ భవనంలో మౌలానా ఆజాద్ దానిని ప్రారంభించారు. అప్పటి అధికారి బి.ఎస్. కేశవన్. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్త 30 రోజులలోగా సొంత ఖర్చుతో ఒక ప్రతిని జాతీయ గ్రంథాలయానికి, ఒక్కొక్క ప్రతిని మరో మూడు గ్రంథాలయాలకు పంపాలి. మద్రాసులోని కన్నెమరా ఆ మూడింటిలో ఒకటి. ప్రతి అందినట్లు లిఖితపూర్వక రశీదు ఇవ్వడం గ్రంథాలయాధికారి విధి. 1956 సవరణతో వార్తాపత్రికలు కూడా ఈ పరిధిలోకి వచ్చాయి. ఈ ప్రతుల ఆధారంగానే కేశవన్ ప్రధాన సంపాదకత్వంలో జాతీయ గ్రంథసూచి వెలువడింది. అందులో తెలుగుతో సహా భారతీయ భాషల గ్రంథాలన్నీ రోమన్ లిపిలో నమోదయ్యాయి.

4. పరిమితి:
విధి విస్తరించినంతగా అధికారం విస్తరించలేదు. పుస్తకం పంపనివారికి 1954 చట్టం నిర్ణయించిన జరిమానా గరిష్ఠంగా 50 రూపాయలు, దానికి అదనంగా పుస్తకం వెల. కేంద్రప్రభుత్వం అధికారమిచ్చిన వ్యక్తి ఫిర్యాదు చేస్తే తప్ప న్యాయస్థానం విచారణకు స్వీకరించదు. కనుక ఈ వ్యవస్థ ఆచరణలో ప్రచురణకర్తల సహకారంపైనే ఆధారపడింది.

5. ముగింపు:
రచయితే సొంతంగా అచ్చు వేయించుకొని మిత్రులకు పంచిన తెలుగు కవితాసంపుటి ఈ గ్రంథాలయాలకు చేరకపోతే జాతీయ గ్రంథసూచికి ఎక్కదు. రేపటి సాహిత్యచరిత్రకారునికి అది లేని పుస్తకమే. కాబట్టి అందిన గ్రంథాన్ని భద్రపరచడంతోనే జాతీయ గ్రంథాలయాధికారి విధి ముగియదు. అందని గ్రంథాన్ని గుర్తించి రప్పించడం కూడా అందులో భాగమే.